కొత్త ఉపజాతిని కనిపెట్టే సులువైన పద్ధతి

పక్షి ఉపజాతి పేరు వెనక మీ ఇంటిపేరు, ఆ పక్కన సంవత్సరం! కలకాలం నిలిచే కీర్తి. అడవులు తిరగక్కర్లేదు, మ్యూజియం సొరుగు లాగితే చాలు.

ఊరకాకితో మొదలుపెట్టండి. వాయవ్యాన పొడినేలల కాకికి మెడ బాగా పాలిపోయి ఉంటుంది, దక్షిణాదిన, శ్రీలంకలో ముదురు బూడిద. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి తీసుకోండి. మధ్య ఊళ్ల కాకుల జోలికి మాత్రం పోవద్దు. రంగు మెల్లమెల్లగా మారుతున్నట్టు కనబడి, గీత ఎక్కడ గీయాలో తోచదు. ఉపజాతి అనిపించుకోవాలంటే ఒక గుంపులో కనీసం 75 శాతం పక్షులు రెండో గుంపుతో కలవకుండా తేలాలని 1949లో పక్షిశాస్త్రవేత్త అమాడన్ వాదించాడు. మీ దగ్గరున్నవి రెండే కాబట్టి నూటికి నూరు శాతం తేలతాయి!

రంగు చూసేటప్పుడు, హ్యూమ్ 1885లో తన పక్షుల సేకరణను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేసిన కాలం నాటి చర్మం పక్కన మొన్నమొన్నటిది పెట్టండి. దూది కూరి వెల్లకిలా పడుకోబెట్టిన ఆ పాత పిట్టకు గోధుమరంగు ఈకలు ఎర్రబారి ఉంటాయి. ఏళ్లు గడిస్తే అలాగే అవుతుందనేవాళ్లు అసూయాపరులు. కొత్త ఈకలు వేసుకున్న పిట్ట ఒకటి, ఎండకు వెలిసి ఈకల అంచులు అరిగిపోయింది ఇంకొకటి దొరికితే మీ పంట పండినట్టే. తేడా రుతువుది కాదు, ప్రాంతానిదని రాసేయండి.

రెక్క కొలవడంలోనూ కిటుకుంది. స్కేలు మీద అదిమి చదును చేస్తే కొంచెం పొడుగొస్తుంది, సహజమైన వంపుతో వదిలేస్తే తగ్గుతుంది. ఉత్తరాది పక్షిని అదమండి, దక్షిణాదిదాన్ని వదిలేయండి. పైగా అది మగదీ ఇది ఆడదీ అయితే, చలిప్రాంతాల పక్షులు పెద్దవనే బెర్గ్‌మన్ సూత్రం మీ బల్ల మీదే రుజువైపోతుంది.

ఇక కాలికి కట్టిన చీటీ సంగతి. ఊరు, తేదీ, ఆడో మగో, ఎవరు పట్టారో అన్నీ అందులో ఉంటాయి. 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగిన సలీం అలీ ప్రతి పిట్టకూ ఇవన్నీ రాసుకున్నాడు, ఆ చర్మాలను పక్షిశాస్త్రవేత్త విస్లర్ కూర్చుని పోల్చాడు. అంత చాదస్తం మనకెందుకు? చీటీ అడ్డొస్తే మార్చేయండి. కర్నల్ మైనర్ట్‌జాగెన్ చేసిందదే: లండన్ మ్యూజియం నుంచి చర్మాలు కాజేసి, తానే పట్టినట్టు కొత్త చీటీలు కట్టాడు. అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబ 1914లో గుజరాత్‌లో దొరికిందన్న ఆయన చీటీ కూడా దొంగదే. దాన్ని పక్కనపెట్టి, అసలు చీటీలున్న ఊళ్ల వైపు వెతికిన రాస్‌ముస్సెన్ బృందానికి ఆ పిట్ట 1997లో మహారాష్ట్రలో ప్రాణాలతో కనిపించింది.