ఇంటిముందు బృందావనం: ఎవరి సాయమూ లేకుండా

తోట వేయాలంటే ముందు మట్టి చూడకూడదు, ఫోన్ చూడాలి. బాలిలోనో, కేరళ రిసార్టులోనో తీసిన ఫొటోలు ఓ నలభై దాచుకోండి. వాటిలో ఎక్కడా నీళ్ల మోటారు, బట్టలారేసే తీగ, మూలన పడేసిన కుర్చీ కనబడవు. మీ 200 గజాల ఇంటిముందు మిగిలిన పదడుగుల జాగాలో ఆ మూడూ ఉన్నాయి. ప్లాన్ గీసేటప్పుడు అవి లేవనుకోండి.

పని మొదలుపెట్టడానికి మే నెల శ్రేష్ఠం. మృగశిర కార్తె రానివ్వమని ఊళ్లో పెదనాన్న అంటాడు. ఆయనకేం, సేద్యం చేసిన మనిషి, ఆగడం అలవాటు. రోళ్లు పగిలే రోహిణిలో నాటిన మొక్క బతికితే ఆ ఘనత మీది, చస్తే తప్పు నర్సరీవాడిది.

గునపం దించగానే మేస్త్రీ వదిలి వెళ్లిన ఆస్తి బయటపడుతుంది: గడ్డకట్టిన సిమెంటు, ఇటుక ముక్కలు, కంకర. తవ్వి తీయించడం దండగ. పైన రెండంగుళాల ఎర్రమట్టి పరిస్తే చాలు, ఫొటోకి అంతకంటే లోతు అక్కర్లేదు. సిమెంటులోని సున్నంతో మట్టికి క్షారగుణం పెరిగి, మొక్కకు ఇనుము అందదు. లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇదేదో కొత్తరకం మొక్క అని వచ్చినవాళ్లకు చెప్పుకోవచ్చు.

మొక్కలకు కడియం వెళ్లండి. గోదావరి ఒండ్రులో, రోజూ తడి తగులుతూ పెరిగినవాటిని హైదరాబాద్ రాళ్లగుట్ట మీదికి కాపురానికి తెస్తే అవే సర్దుకుంటాయి. మామిడి చెట్ల మధ్య రైతు ముప్ఫై అడుగులు వదులుతాడు. మీరు ఆ పదడుగుల్లోనే మామిడి, పనస, కొబ్బరి మూడూ పెట్టేయండి. పక్కింటివాళ్ల గోడ ఉన్నది దేనికి? దుమ్ము ఆపడానికి కోనోకార్పస్ కూడా వరసగా నాటండి. ఊరూరా నాటించాక, ఇక వద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పింది. గుజరాత్ 2023లో నిషేధించింది. డ్రైనేజీ పైపులోకి వేళ్లు దూరేసరికి నాలుగైదేళ్లు పట్టొచ్చు, అప్పటికి ఇల్లు అద్దెకిచ్చేస్తారు.

ఇక అసలు ముచ్చట, లాన్. గరిక కనబడ్డ చోటల్లా వేళ్లతో సహా పీకండి. ఆ తర్వాత చదరపు అడుగుకు ఇంతని పోసి బెర్ముడా గడ్డి చాపలు కొనండి. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే సైనోడాన్ జాతివి. కానీ వినాయక చవితికి ఊరికే దొరికేదాన్ని ఇంటిముందు పెంచుకుంటే పరువేముంటుంది? ఎండాకాలంలో లాన్‌కు రోజుకు కనీసం ఐదు మిల్లీమీటర్ల తడి కావాలి. 300 చదరపు అడుగులకు లెక్కేస్తే సుమారు 140 లీటర్లు, అంటే ఏడు వాటర్ క్యాన్లు. బోరు ఎండిన వీధిలో నీళ్ల ట్యాంకర్ మీ ఇంటిముందు ఆగితే వచ్చే గౌరవం మామూలుది కాదు. చాపలతోపాటు తుంగ గడ్డలు ఉచితంగా వస్తాయి. పైపైన పీకేయండి. లోపలి గడ్డ మళ్లీ మొలకెత్తి, ఏడాది పొడవునా మీకు ఆదివారం పని చూపిస్తుంది.

ఈలోగా అమ్మ వస్తుంది. కరివేపాకు, మందారం, అంట్లు తోమిన నీళ్లు పోయేచోట ఓ అరటి పిలక అడుగుతుంది. థీమ్‌కు కుదరదని గట్టిగా చెప్పండి. ఆవిడ వినదు, పాత పెయింటు బకెట్‌కు అడుగున చిల్లులు పొడిచి ఏదో ఒకటి గుచ్చేస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఆ బకెట్ పక్కకు జరపండి. కూరకు కావాల్సినప్పుడు మళ్లీ దగ్గరికి లాక్కోండి.

ఖర్చు విషయంలో ఒక్క సలహా: దేంట్లో తగ్గించినా నీళ్ల పైపు మాత్రం మంచిది కొనండి. దసరాకి తోట ఉన్నా లేకపోయినా కారు కడుక్కోవడానికి పనికొస్తుంది.