గ్యారంటీ పైన, బకెట్ కింద

డాబా కారుతోందంటే చాలు, ఈపీడీఎం అనే నల్లటి రబ్బరు షీటు పరిచి బిల్లు చేతిలో పెడుతున్నారు. పద్ధతిగా వేస్తే 30 ఏళ్లు ఢోకా లేని సరుకే. ఎటొచ్చీ వేసేవాళ్లకే 30 నిమిషాల ఓపిక ఉండదు.

తడి ఆరని స్లాబు మీదే జిగురు పూసేస్తారు. ఎండ కాయగానే లోపలి తేమ ఆవిరై షీటు పూరీలా పొంగుతుంది. అతుకు దగ్గర దుమ్ము తుడిచి, ప్రైమరు రాసి, రోలరుతో గట్టిగా అదమాలి. మనవాళ్లు చెప్పుకాలితో ఓసారి తొక్కి ‘అయిపోయింది సార్’ అంటారు. పిట్టగోడ మీదికి 6 అంగుళాలు ఎక్కించాల్సిన షీటును 2 అంగుళాలకే కోసేస్తారు. ఇక వాటం సంగతి అడక్కండి. నీళ్లు గొట్టం దాకా వెళ్లకుండా నట్టనడుమే కాపురం పెడతాయి.

వాన పడ్డాక ఫోన్ చేస్తే మేస్త్రీ ఊళ్లో ఉండడు. ఉన్నా, వచ్చి రబ్బరుకు అస్సలు పడని తారు ముద్ద పులిమి, బాగున్న అతుకునూ పాడుచేసి పోతాడు. గ్యారంటీ కార్డు తిరగేస్తే ‘తయారీ లోపాలకు మాత్రమే’ అని చీమ తలకాయంత అక్షరాలు. కంపెనీ మేస్త్రీని, మేస్త్రీ స్లాబును తప్పుపడతారు. స్లాబుకు నోరు లేదు కాబట్టి కేసు అక్కడితో సరి.

అందుకే ఆఖరి బిల్లు కట్టేముందు గొట్టాలు మూసి, డాబా మీద 48 గంటలు నీళ్లు నిలబెడతామని చెప్పి చూడండి. కాంట్రాక్టరు ముఖాన చెమట పట్టిందా, తొలి లీకు దొరికినట్టే!