పదమూడో కుర్చీ

క్యూబాలో సొంత ఇంట్లో నడిపే భోజనశాలను పలదార్ అంటారు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో అక్కడి నుంచి వచ్చే చమురు, తిండిగింజలు ఆగి క్యూబా విలవిల్లాడింది. రేషన్ పుస్తకం 1962 నుంచీ ఇంటింటా ఉంది గానీ, అందులో రాసిన సరుకులే దుకాణంలో కనబడటం మానేశాయి. సరిగ్గా ఆ కరువులోనే, తినడానికి లేనివాళ్లు తినిపించే వ్యాపారం మొదలుపెట్టారు. హవానాకు వచ్చే విదేశీయుల దగ్గర డాలర్లున్నాయి, ప్రభుత్వ హోటళ్లలో రుచి లేదు, ఇంట్లో వంటచేసే అమ్మమ్మ ఉంది. ఇక కావలసిందేముంది? పేరు కూడా టీవీయే పెట్టింది. 'వాలే తూదో' అనే బ్రెజిల్ సీరియల్లో సముద్రపుటొడ్డున శాండ్‌విచ్‌లు అమ్ముకుంటూ పైకొచ్చిన కథానాయిక తన భోజన వ్యాపారానికి పెట్టుకున్న పేరది.

సొంత పనులు చేసుకోవచ్చని ప్రభుత్వం 1993లో ఒప్పుకుంది. ఈ ఇంటి భోజనాల విషయంలో మాత్రం నెలలు తిరక్కుండానే మనసు మార్చుకుని, 1995లో షరతుల మీద సరేనంది. వడ్డించేది ఇంటివాళ్లే అయివుండాలి. రొయ్యలు, లాబ్‌స్టర్, గొడ్డు మాంసం పెట్టకూడదు. కుర్చీలు పన్నెండు దాటకూడదు. మన ఊళ్లలో మెస్ నడిపే పిన్నిగారు విస్తళ్లు లెక్కపెట్టుకుంటారు గానీ, కుర్చీలు లెక్కపెట్టే సర్కారును ఆవిడ ఎరగరు.

గిరాకీ ఉన్నా లేకపోయినా నెలనెలా పన్ను కట్టాల్సిందే. పన్నెండు కుర్చీలతో అది గిట్టదు. అందుకని పదమూడో కుర్చీని ఎక్కడ దాచాలన్నది హవానాలో గృహశాస్త్రంలో ఒక శాఖగా వృద్ధి చెందింది. ముందుగదిలో చట్టబద్ధంగా మూడు బల్లలు, బల్లకు నాలుగు కుర్చీలు. వెనక పడకగదిలో మంచం గోడకు నిలబెట్టి ఇంకో రెండు బల్లలు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో కనబడగానే పడకగది తలుపు మూసుకుంటుంది. లోపలున్న విదేశీ దంపతులు ఫోర్కు చప్పుడు కానివ్వకుండా నల్ల బీన్స్ అన్నం తింటూ, కాసేపు ఆ ఇంటి చుట్టాలైపోతారు.

లాబ్‌స్టర్‌ది ఇంకో కథ. మెనూలో పంది మాంసం, కోడి, వేయించిన అరటికాయ ముక్కలు బుద్ధిగా ఉంటాయి. అతిథి వాటిని చదివి నిట్టూర్చాక, వడ్డించే కుర్రాడు నీళ్లు పోసే నెపంతో వంగి, చెవిలో 'లంగోస్తా' అంటాడు. అతిథి తల ఊపితే చాలు. అది ఎటునుంచి వచ్చిందో ఎవరూ అడగరు, బిల్లులో దాని పేరూ కనబడదు. బిల్లులో కనబడనిది మరొకటి ఉంది: వీధిలో పరిచయమై ఇక్కడిదాకా దారి చూపిన హినెతేరో కమీషన్. అతను అతిథిని పైసా అడగడు, ఆ లెక్కంతా కోడికూరే మోస్తుంది.

ఈ ఇళ్లలో బాగా పేరు పడినది 1996లో తెరిచిన లా గ్వారీదా. 1993లో వచ్చిన 'ఫ్రేసా ఇ చోకొలాతే' సినిమా తీసిన శిథిలమైన పాత భవనంలో పైఅంతస్తులో ఉంటుంది. కింద కాపురాలున్నాయి, ఆరేసిన బట్టల పక్కనుంచే పాలరాతి మెట్లెక్కాలి. స్పెయిన్ రాణి సోఫియా కూడా అక్కడ భోంచేశారు. అప్పటి చట్టం ప్రకారం రాణిగారు కూర్చున్నాక మిగిలేవి పదకొండు కుర్చీలు.

2010లో కుర్చీలు ఇరవై అయ్యాయి, మరుసటేడు యాభై. బయటివాళ్లను పనిలో పెట్టుకోవచ్చన్నారు. లంగోస్తా కూడా చెవిలోంచి మెనూలోకి ఎక్కింది, ఎక్కాక ఎదురుగా ధర కూడా వచ్చి కూర్చుంది. 2016 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా హవానా వెళ్లినప్పుడు కుటుంబంతో సహా సాన్ క్రిస్తోబల్ అనే పలదార్‌లో భోంచేశారు. ఆయనకు దారి చూపడానికి మాత్రం హినెతేరో అవసరం పడలేదు.