పదకొండు రూపాయల ఎనభై పైసలు

మా ఇబ్రహీంపట్నానికి రైలు లేదు. రైలెక్కాలంటే సాగర్ రోడ్డు మీద బస్సు పట్టుకుని పట్నం పోవాల్సిందే. అందుకే మా వాడకట్టులో ఎవరికి టికెట్ కావాలన్నా నా ఫోనే స్టేషను. రూల్సన్నీ నాకు నోటికొచ్చు.

2024 డిసెంబరులో ఒక పొద్దున మా మేనమామతో కలిసి బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల కుర్రాడు వాపోతున్నాడు.

"నిన్న బండి అయిదు గంటలు లేటన్నా! విసుగొచ్చి ఇంటికొచ్చిన. పైసలు గంగల కలిసినయ్."

"ఎందుకు కలుస్తయ్? మూడు గంటలు దాటి లేటైతే, ప్రయాణం మానుకున్నోళ్లకు మొత్తం పైసలు వాపసివ్వాలె. కాకుంటే బండి కదలకముందే ఫోన్ల టీడీఆర్ అనే వాపసు అర్జీ వెయ్యాలె. నువ్వెయ్యలేదు. అడగందే అమ్మైనా పెట్టదు తమ్మీ!"

"మరి బండే రద్దయితే?"

"కౌంటర్ల కొన్న టికెట్టయితే మూడు రోజుల్ల తీస్కపోయి ఇవ్వాలె. ఫోన్ల కొన్నదైతే ఆ పని గూడ లేదు. ఏ ఖాతాలకెల్లి కడితే ఆ ఖాతాలనే వచ్చి పడతయ్. కావాలంటే మా మామనడుగు!"

మామ చాయ్ ఊదుకుంటున్నాడు. కథ నేనే అందుకున్నాను.

ఈ ఇబ్రహీంపట్నం నుంచి బెజవాడ పక్కనున్న ఆ ఇబ్రహీంపట్నానికి, కూతురింటికి వెళ్లాలని మామకు ముచ్చట. ఆయనది బటన్ల ఫోను. టికెట్ పైసలు నా చేతిలో పెడితే, సెప్టెంబరు 2కు నేను యూపీఐలో కట్టి తీశాను. 1వ తేదీ వానలకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. బండ్లు రద్దు. 4వ తేదీకి గానీ దారి బాగుపడలేదు.

"వారం తిరక్కముందే టికెట్ పైసలొచ్చినయ్ తమ్మీ. అయినా నేనూకున్ననా? కన్వీనియన్స్ ఫీజని, జీఎస్టీతో 11 రూపాయల 80 పైసలు పట్టుకున్నరు. అది వాపసియ్యరట! బండి రద్దు చేసింది వాళ్లు, ఫీజు పడేది మన మీదనా? పైసలు చిన్నయే, హక్కు పెద్దది. మూడు నెలలాయె, ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెడుతున్న. మందికి చెందాల్సింది ఒక్క పైసయినా ఎట్ల ఆపుకుంటరు?"

కుర్రాడు నా వంక భక్తిగా చూశాడు. హోటలాయన కూడా గల్లా వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

మామ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"అల్లుడా, అడగందే అమ్మైనా పెట్టదంటివి గద, అందుకే అడుగుతున్న. నా టికెట్ పైసలు నీ ఖాతాల పడి మూడు గంటలు గాదు, మూడు నెలలాయె. నీ మీద టీడీఆర్ ఎక్కడెయ్యాలె బిడ్డా?"