పంచార్థి మొక్క

వానాకాలంలో ఆదివారం పొద్దున్నే మనవాడు ఇల్లు వదిలాడంటే భుజాన సంచి ఉండాల్సిందే. అందులో చుట్టచుట్టిన ఫ్లెక్సీలు ఐదు, రంగురంగుల టీషర్టులు మూడు, ఒక స్కార్ఫు, ఒక ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జీ, చిన్న దువ్వెన. గునపం మాత్రం ఉండదు. గునపం ఏ ఊళ్లో ఎవర్నడిగినా ఇస్తారు, ఫ్లెక్సీ ఎవరిస్తారు?

వాడిది డిగ్రీ రెండో ఏడు. ఏ కాలేజీ అని అడక్కండి. అశ్వారావుపేట నుంచి ఖమ్మం దాకా ఏ కాలేజీకి వెళ్లినా ఒకడు కనబడతాడు. పామాయిల్ గెలల ట్రాక్టరెక్కి గూడేనికి పోతాడు. రోడ్డు వార కానుగ మొక్క ఒకటి నాటతాడు. నాటడానికి పది నిమిషాలు పట్టదు. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది.

మొదట ఎన్‌ఎస్‌ఎస్ ఫ్లెక్సీ కట్టి ఒక ఫొటో. టీషర్టు మార్చి యువజన సంఘం పేరిట ఇంకోటి. మెడకు స్కార్ఫు చుట్టుకుంటే రోవర్ స్కౌటు. తర్వాత పర్యావరణ క్లబ్బు. చివర ప్రభుత్వ కార్యక్రమం. మొక్క అదే, గుంత అదే, మట్టి పట్టుకున్న చేతులూ అవే. గుడిసె ముందు కూర్చుని ఇదంతా చూస్తున్న కోయ అవ్వ మూడో టీషర్టు దగ్గర ఉండబట్టలేక అడిగేసింది: "అయ్యా, బొమ్మలు దిగుడు అయినాంక ఆ మొక్కకు కాసిని నీళ్లు పోస్తవా, నన్నే పొయ్యమంటవా?"

"ఇంకొక్క బ్యానరే అవ్వా!" అన్నాడు మనవాడు.

వాణ్ణి తేలిగ్గా తీసిపారేయకండి. పదహారో శతాబ్దిలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. అందులో ఒక్కో పద్యం రామకథకూ చెల్లుతుంది, భారతకథకూ చెల్లుతుంది. పండితులు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. సూరన రెండర్థాల దగ్గర ఆగాడు. మనవాడు ఒక్క కానుగ మొక్కతో ఐదర్థాలు సాధించాడు, అదీ ఏ వ్యాకరణమూ చదవకుండా. పితృదేవతలకు వదిలే నీళ్లు మామిడి మొదట్లో వదిలితే రెండు పనులూ అవుతాయని పెద్దలు ఏనాడో కనిపెట్టారు. అయితే వాళ్లు నీళ్లంటూ పోశారు. అక్కడే మనవాడికీ వాళ్లకీ తేడా.

లెక్కల్లోనూ మొనగాడే. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటల సేవ చూపాలి, పైగా ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. మొన్నటి ఆదివారం డైరీల్లోకి ఇలా ఎక్కింది: ఎన్‌ఎస్‌ఎస్‌కు ఎనిమిది గంటలు, రోవర్ పుస్తకంలో ఎనిమిది, యువజన సంఘం రిజిస్టరులో తొమ్మిది, క్లబ్బులో ఆరు. మొత్తం ముప్పై ఒకటి. ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జీ మీద కోణార్క చక్రం ఉంటుంది. దాని ఎనిమిది ఆకులు ఎనిమిది జాములకు, అంటే ఇరవై నాలుగు గంటలకు గుర్తు. ఆ చక్రం కట్టినవాళ్లకు మనవాడి ఆదివారం సంగతి తెలిసుంటే ఇంకో మూడాకులు అతికేవాళ్లు.

ఎన్‌సీసీ ఒక్కటే వాడికి అందలేదు. అందులో ఉన్నవాణ్ణి ఎన్‌ఎస్‌ఎస్‌లో చేర్చుకోరు. ఆ నిబంధన రాసిన పెద్దమనిషికి ఇలాంటి మేనల్లుడెవడో ఉండే ఉంటాడు.

సరిహద్దు ఊరు కావడం కూడా వాడికి బాగా కలిసొచ్చింది. ఇటు తెలంగాణ, అటు నాలుగడుగులేస్తే జీలుగుమిల్లి, ఆంధ్ర. 2015లో ఇక్కడ హరితహారం మొదలైంది, 2024కల్లా అదే వనమహోత్సవమైంది. అటువైపు వనం-మనం పోయి 2020లో జగనన్న పచ్చతోరణం వచ్చింది, అదీ పోయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఊళ్లో ఎవరికి లాభమొచ్చినా రాకపోయినా ఫ్లెక్సీ షాపుకూ మనవాడికీ వచ్చింది. ఇంటర్లో ఉండగా నాటిన వేపమొక్కొకటి ఇన్ని పేర్లతో ఫొటోల్లో ఉంది గాని, నేల మీద ఎక్కడా లేదు. మేక తినేసి అప్పుడే చాలా కాలమైంది.

అలాగని వాడు ఒళ్లు దాచుకునే రకం కాదు, ఆ మాటా చెప్పుకోవాలి. 2024 జులైలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు కట్ట తెగి, దిగువన వేలేరుపాడు, కుక్కునూరు వైపు ఊళ్లు మునిగాయి. ఒకప్పుడవి ఖమ్మం జిల్లా మండలాలే, 2014లో ఆంధ్రకు వెళ్లాయి. అప్పుడు బురదలో మోకాళ్ల దాకా దిగి బియ్యం బస్తా మోసినవాళ్లలో మనవాడూ ఉన్నాడు. రెండు రోజులు సరిగ్గా తిండి కూడా తినలేదు. సంచి ఇంట్లోనే వదిలేసి పరిగెత్తాడు గనక ఒక్క ఫొటో లేదు. అందుకని ఆ రెండు రోజులూ ఏ డైరీలోనూ ఎక్కలేదు. నిజంగా చేసిన సేవ ఒక్కటీ ఇలా వృథా అయిపోయిందని ఇప్పటికీ బాధపడుతుంటాడు.

తప్పు పిల్లవాడిదే అనడానికి నాకు నోరు రావడం లేదు. అమెరికాలో వాడి మేనత్త కొడుకున్నాడు. స్కౌటింగ్‌లో ఈగిల్ ర్యాంకు కోసం గుడి వెనకాల బల్లలు చేయించాడు. ఆ గంటలే, 2025లో ఆపేయకముందు, ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డుకు ఎక్కించాలని ఒక చూపు ఉండేది. దాంట్లో పదహారు నుంచి ఇరవై అయిదేళ్లవాళ్లకు స్వర్ణానికి 250 గంటలు కావాల్సి వచ్చేది. కాంగ్రెషనల్ అవార్డు స్వర్ణపతకానికైతే సేవే 400 గంటలు, దాని మీద ఇంకో చూపు. అన్నిటికీ చివర కాలేజీ సీటు. వీడికి కానుగ, వాడికి బల్ల. వారానికోసారి వీడియో కాల్లో ఇద్దరూ చర్చించుకునేది వింటే ఆడిటర్లు మాట్లాడుకుంటున్నారేమో అనిపిస్తుంది. "ఒరేయ్, మీకు బావుందిరా, ఫొటో చాలు. మాకు సంతకాలు కావాలి" అని అక్కడివాడి ఏడుపు.

మనవాడి అమ్మ సంగతి వేరు. హాల్లో గోడ నిండా సర్టిఫికెట్లు చూసి మురిసిపోతూనే, పెరట్లో కరివేపాకు మొక్క ఎండిపోతోంది, చెంబెడు నీళ్లు పొయ్యరా అని పిలుస్తుంది. మనవాడు లేవడు. పెరడు ఏ పథకం కిందకీ రాదు.

ఈమధ్య ఒక పురస్కారం వాళ్లకు అనుమానమొచ్చినట్టుంది. దరఖాస్తులో కొత్త గడి ఒకటి చేర్చారు: "ఈ సేవాకార్యాన్ని ఇంతకుముందు మరే పురస్కారానికైనా చూపారా?" మనవాడు ఆ రాత్రి కలం కొరుకుతూ చాలాసేపు కూర్చున్నాడు. అబద్ధం రాయడం వాడికి ఇష్టం లేదు, రోవర్‌గా ప్రతిజ్ఞ చేసినవాడాయె. చివరికి ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు:

"ఈ పురస్కారానికి చూపడం ఇదే మొదటిసారి."