అందరూ సమానమే, కంప్యూటర్‌కి తప్ప

“ప్రక్రియను నమ్మండి. మీరెక్కడ ఉండాలో అక్కడికే చేరతారు.” ఏటా ఆగస్టులో అమెరికా కాలేజీల్లో పద్దెనిమిదేళ్ల అమ్మాయిలకు వినిపించే సుభాషితమిది. చెప్పేది మఠాధిపతులు కారు, సొరోరిటీల నిర్వాహకులు. గ్రీకు అక్షరాలు పేరుగా పెట్టుకుని, క్యాంపస్‌లో ఓ పెద్ద ఇల్లు కట్టుకుని, ఏడాదికోసారి కొత్త సభ్యురాళ్లను చేర్చుకునే ఆడపిల్లల సంఘాలవి. ఆ తతంగానికి రష్ అని వాడుక పేరు, రిక్రూట్‌మెంట్ అని కాగితాల మీది పేరు. ఇందులో ఏ ఇల్లూ ఎక్కువ కాదట, ఏ ఇల్లూ తక్కువ కాదట. అమ్మాయి ఇంటిని ఎంచుకుంటుంది, ఇల్లు అమ్మాయిని ఎంచుకుంటుంది, అంతేనట. పోటీ అనడమే తప్పట.

బాగుంది. మరి పోటీయే లేని చోట కోచింగ్ ఎందుకు పుట్టింది? చాలా కాలేజీల్లో ఈ వ్యవహారం పెద్ద హడావిడి లేకుండా ముగిసిపోతుంటే, అలబామా, మిసిసిపీ, జార్జియా, టెక్సస్ లాంటి దక్షిణాది పెద్ద యూనివర్సిటీల్లో తల్లులు వేల డాలర్లు పోసి రష్ కన్సల్టెంట్లను ఎందుకు కుదుర్చుకుంటున్నారు? “మా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఆణిముత్యాలు, అందుకే అంత ఒత్తిడి” అని ఒక జవాబు వినిపిస్తుంటుంది. ఆణిముత్యాలు ఒహాయోలోనూ దొరుకుతాయి. ఇంకేదో ఉంది.

టస్కలూసాకు వెళ్దాం. అలబామా యూనివర్సిటీ ఉన్న ఊరు. ఆగస్టు ఎండ మాడు పగలగొడుతుంటుంది. క్లాసులు ఇంకా మొదలు కాలేదు, కానీ రెండున్నర వేల మంది దాకా అమ్మాయిలు ఇస్త్రీ నలగని గౌన్లలో, సెట్ చేసిన జుట్టుతో ఇళ్ల ముందు వరుసలు కట్టి నిలబడ్డారు. చేతిలో ఒక సంచీ. అందులో బ్యాటరీ ఫ్యాను, చెమట అద్దుకునే కాగితాలు, పౌడరు, బ్యాండ్‌ఎయిడ్లు, కాళ్లు బొబ్బలెక్కితే మార్చుకోవడానికి చెప్పులు. టైమవగానే తలుపు తెరుచుకుంటుంది. ద్వారబంధం నిండా కింది నుంచి పై దాకా తలలే. ఒకరి మీద ఒకరు పేర్చుకుని, చేతులు బయటికి చాచి, చప్పట్లు కొడుతూ, జుట్టు విసురుతూ, గొంతు చించుకుని సంఘం పాట పాడతారు. దీన్ని డోర్ స్టాక్ అంటారు. ఇంత ఆప్యాయత ఒక్కసారిగా మీద పడితే మామూలు మనిషి రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఈ పిల్లలు మాత్రం నవ్వు చెదరకుండా లోపలికి వెళ్తారు. దానికే కదా అమ్మ డబ్బు కట్టింది!

లోపల ఒక సభ్యురాలు వచ్చి పలకరిస్తుంది. నాలుగు మాటలయ్యేసరికి మరొకామె వచ్చి ఆమె భుజం తడుతుంది, మొదటామె తప్పుకుంటుంది. దీనికి బంపింగ్ అని పేరు. అంటే మాట అందుకునే లోపే మనిషి మారిపోతుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే జీవితాంతం నిలిచే సోదరీభావానికి పునాది పడాలి. ఏం మాట్లాడాలన్నది అమ్మాయి ఇష్టం, ఏం మాట్లాడకూడదన్నది మాత్రం ముందే ఖరారై ఉంటుంది. అయిదు ‘బ’లు నిషిద్ధం: బాయ్స్, బూజ్, బైబిల్, బక్స్, బ్యాలట్. అబ్బాయిలు, మందు, మతం, డబ్బు, ఓటు. ఇక మిగిలింది “ఏ హాస్టల్లో దిగావు, ఏ మేజర్ తీసుకున్నావు” అనే రెండు ప్రశ్నలు, చెవి రింగుల మీద ఒక పొగడ్త. అమ్మాయి గడప దాటి బయటికి వెళ్లగానే వీటి ఆధారంగానే లోపల మార్కులు పడతాయి.

అయిదు ‘బ’ల సంగతి ఎత్తాను గనక ఒక ముచ్చట. 2013 ఆగస్టులో టస్కలూసా స్కూల్ బోర్డు ఎన్నికలు జరిగాయి. పిల్లల బడి ఎన్నిక, సొరోరిటీ అమ్మాయిలకు ఏం సంబంధం? కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారా? ఆ ఎన్నికలో నిలబడ్డ ఒక అభ్యర్థి ఆ యూనివర్సిటీ విద్యార్థి సంఘానికి మాజీ అధ్యక్షుడు. ఆయనకు ఓటేసి రండి, లిమోజిన్ కార్లుంటాయి, బార్లో ఉచితంగా పోస్తారు అంటూ సొరోరిటీల్లో సందేశాలు తిరిగాయని పత్రికలు రాశాయి. ఓడిపోయిన అభ్యర్థిని కోర్టుకెక్కింది. డ్రాయింగ్ రూములో నోరెత్తకూడని మందు, ఓటు బయట ఒకే గ్లాసులో కలిశాయన్నమాట.

పోటీ మూలం క్యాంపస్ బయటి ఈ వ్యవహారాల్లోనే ఉందని నా అభిప్రాయం. కానీ ముందు లెక్క చూడాలి, ఎందుకంటే “సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ” అనే వాదన పైకి చాలా సబబుగా కనబడుతుంది. కొన్ని చోట్ల అది నిజం కూడా. ఇండియానా యూనివర్సిటీలో ఇంట్లో ఎన్ని మంచాలుంటే అందుకు తగ్గట్టే పిల్లలను తీసుకునే పద్ధతి చాలాకాలం నడిచింది, అక్కడ నిజంగానే బోలెడు మంది వీధిలో మిగిలిపోయేవారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆడపిల్లల సంఖ్య పెరిగింది, ఇళ్లు పెరగలేదు. లోపలికి వెళ్లినవాళ్లకూ బయట ఉండిపోయినవాళ్లకూ మధ్య రగడ ముదిరి 1944లో యూనివర్సిటీ సొరోరిటీలనే ఎత్తేసింది. మళ్లీ రానిచ్చింది 1977లో.

అలబామా కథ వేరు. అక్కడ ఒక్కో ఇంటికి నాలుగు వందల మందికి పైనే సభ్యురాళ్లు. కోటో యాభై లక్షలో రూపాయలు ఏదో సర్దుబాటు చేసి కట్టిన ఇళ్లు కావవి. కోటి డాలర్లు దాటిన, తెల్లటి స్తంభాల భవనాలు. ఎంతమంది అమ్మాయిలు నిలబడితే అంతమందినీ ఇళ్ల సంఖ్యతో భాగించి కోటా వేస్తారు. చివరి దాకా ఓపిక పట్టి, ఇచ్చిన ఇళ్లన్నీ జాబితాలో రాసిన అమ్మాయికి ఏదో ఒక ఇల్లు దొరకడం దాదాపు ఖాయం. అంటే సీటుకు కొరత లేదు. కొరత ఉన్నది పై వరుసకే. ఆ పై వరుస అనేదే లేదని నిర్వాహకులు ఒట్టేసి చెప్తారు.

లేదా? అయితే వాళ్ల లెక్కల పద్ధతిని చూడండి. ఇరవైకి పైగా సొరోరిటీలకు పెద్ద గొడుగు, 1902లో పుట్టిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్. అది ఈ శతాబ్దం తొలి ఏళ్లలో రిలీజ్ ఫిగర్ మెథడాలజీ అనే సూత్రం తెచ్చింది. ఫలానా ఇల్లు గతంలో పిలిచినవాళ్లలో ఎందరు తిరిగి వచ్చారన్నది చూస్తారు. పిలిస్తే పరుగెత్తుకొచ్చే ఇల్లయితే, మొదటి రౌండ్‌లోనే వందల మందిని వదిలేయాలని ఆదేశం. పిలిచినా సగం మంది రాని ఇల్లయితే, దాదాపు అందరినీ పిలుచుకోమని అనుమతి. అమ్మాయిలు ఆశల మీద రోజుల తరబడి వేలాడకుండా తొందరగా తేలిపోవాలనే ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఏ ఇల్లు ఎక్కువో ఏ ఇల్లు తక్కువో తెలియకుండా ఈ లెక్క ఒక్క అడుగు కదలదు. వేదిక మీద “ర్యాంకుల గురించి మాట్లాడకండి” అని హితబోధ, వెనక గదిలో కంప్యూటర్‌కు తినిపించేది ర్యాంకులే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవాల్సిన అవసరం కూడా లేదు, కాయ తెర మీదే కనిపిస్తోంది.

ఈ నిష్పాక్షికత వ్రతం ఎంత కఠినమంటే, అమ్మాయిలకు దారి చూపే సీనియర్ కౌన్సిలర్లు కొన్నాళ్లపాటు సొంత సంఘంతో తెగతెంపులు చేసుకుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ఇంటి ఫొటోలన్నీ దాచేస్తారు. తాము ఏ ఇంటి పిల్లలో చివరి రోజున బయటపెట్టి కౌగిలించుకుంటారు. అన్ని ఇళ్లూ సమానమే అయినప్పుడు ఏ ఇంటి పిల్లయితే ఏం పోయింది? దాచడం దేనికి?

ఈ సరుకు మీద అర్థశాస్త్రజ్ఞుల కన్ను ఏనాడో పడింది. 1991లో సుసాన్ మాంగెల్, ఆల్విన్ రోత్ కలిసి సొరోరిటీ రష్ మీద ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో పరిశోధన పత్రం అచ్చేశారు. ఈ రోత్‌కే 2012లో నోబెల్ వచ్చింది, జతలు కుదిర్చే విపణుల మీద పనికి. వాళ్లు తేల్చిందేమిటంటే, ఇళ్ల పేర్లు వరుసగా రాయాల్సిన చివరి కార్డు మీద చాలామంది అమ్మాయిలు ఒకే ఒక్క ఇంటి పేరు రాస్తున్నారు. మన పిల్లలు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో రెండు వందల కాలేజీలు దించేస్తారు కదా, దానికి పూర్తిగా తలకిందులు. అందరూ బుద్ధిగా మనసులో ఉన్నదంతా వరుసగా రాసి ఉంటే ఆనాటి పద్ధతి బెడిసికొట్టేదే, పిల్లలు లెక్క వేసుకుని ఒక్క పేరే రాయడం వల్ల అది నిలబడింది. ప్రక్రియను కాపాడింది ప్రక్రియను నమ్మని పిల్లలు.

సరే, ఒక ఇంటికీ మరో ఇంటికీ అంత తేడా దేనికి? తేడాకు విలువ కట్టే మార్కెట్ క్యాంపస్ బయట ఉన్న చోటే రష్‌లో రక్తం పారుతుంది. అలబామాలో ఎంపిక చేసిన ఫ్రటర్నిటీలు (మగపిల్లల సంఘాలు), సొరోరిటీలు కలిసి నడిపే ఒక రహస్య కూటమి ఉంది, పేరు ‘ద మెషీన్’. దశాబ్దాలుగా విద్యార్థి సంఘం ఎన్నికల్లో అది నిలబెట్టినవాళ్లే ఎక్కువగా గెలుస్తారు. విద్యార్థి సంఘంలో గెలిచినవాళ్లు ఆ రాష్ట్రంలో ఎక్కడెక్కడికో వెళ్తారు. ఇప్పటి సెనేటర్ కేటీ బ్రిట్ 2003–04లో ఆ విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలు, కై ఒమేగా సభ్యురాలు. పక్క ఊరి లాయరు, బ్యాంకు మేనేజరు, జడ్జి, వాళ్ల అత్తగార్లు అందరూ ఏ ఇల్లు ఏ వరుసో తెలిసినవాళ్లే అయినప్పుడు, ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల నిలబడ్డది ఇంటి ముందు కాదు, రాష్ట్రం ముందు. చదువయ్యాక పిల్లలు తలో దిక్కుకూ చెదిరిపోయే కాలేజీల్లో ఈ వరుసలు ఎవడికి కావాలి? సియాటిల్‌లో ఉద్యోగమిచ్చేవాడు నువ్వు ఏ గ్రీకు అక్షరమో అడగడు.

దీనికి తోడు అలబామా యూనివర్సిటీకి రాబర్ట్ విట్ అధ్యక్షుడిగా ఉన్న 2003–2012 మధ్య అది బయటి రాష్ట్రాల మీద వల విసిరింది, స్కాలర్‌షిప్‌లు చూపించి. ఇప్పుడు అక్కడ చదివేవాళ్లలో సగానికి పైగా బయటివాళ్లే. లోపలి పిల్లకు ఊరంతా తెలుసు, పేరు ముందే నడిచి వస్తుంది. న్యూజెర్సీ పిల్లకు ఎవరూ తెలియదు, అందుకని కన్సల్టెంటు. నార్త్‌వెస్టర్న్, వాండర్‌బిల్ట్ లాంటి చోట్ల రష్‌ను జనవరికి వాయిదా వేస్తారు, కనీసం కొన్ని నెలల పాటు పక్క బెంచీ మనిషెవరో తెలుస్తుంది. అలబామాలో మొదటి క్లాసుకు ముందే ముగించేస్తారు. మనిషి తెలియక ముందు ఎంచడానికి ఏముంటుంది? మొహం, బట్టలు, అమ్మ.

బట్టల సంగతి 2021 ఆగస్టులో లోకమంతా టిక్‌టాక్‌లో చూసింది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి పైనున్నది ఫలానా షాపు, కిందిది ఫలానా షాపు, నగలు కెండ్రా స్కాట్ అని అప్పగించే వీడియోలకు కోట్ల చూపులు. మరుసటేడు రష్‌లో ఎవరో డాక్యుమెంటరీ కోసం రహస్యంగా మైకులు పెట్టుకుని తిరుగుతున్నారని పుకారు పుట్టి, ఒకరినొకరు అనుమానంగా తడుముకునే దాకా పోయింది. ఆ డాక్యుమెంటరీ, రేచల్ ఫ్లైట్ తీసిన ‘బామా రష్’, 2023లో వచ్చింది. వాతావరణ వార్తల్లా హాయిగా చూడదగ్గ ఆ టిక్‌టాక్ వీడియోల్లో అందరూ దాదాపు ఒకే రంగులో ఉండటం గమనించే ఉంటారు. 1963లో గవర్నర్ జార్జ్ వాలెస్ ఇద్దరు నల్లజాతి విద్యార్థులను ఆపడానికి ఈ యూనివర్సిటీ గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత 2013 సెప్టెంబరులో క్యాంపస్ పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ రాసింది: మంచి మార్కులున్న నల్లజాతి అమ్మాయిని లోపలి పిల్లలు తీసుకుంటామన్నా పూర్వ సభ్యురాళ్లు అడ్డుపడ్డారని. గుమ్మంలో ఈసారి నిలబడ్డది ఆంటీలు. అప్పటి యూనివర్సిటీ అధ్యక్షురాలు జూడీ బానర్ ఎంపికలు మళ్లీ తెరవమని ఆదేశించాక గానీ కదలిక రాలేదు. ఉభయుల ఇష్టంతో జరిగే ఎంపికలో ఆ మూడో ఇష్టం ఎవరిదో సుభాషితంలో రాయరు.

ఇంత చేసి లోపలికి వెళ్తే మొదటి బహుమతి బిల్లు. ఇంట్లో ఉండకపోయినా, కొత్త సభ్యురాలికి సెమిస్టర్‌కు నాలుగు వేల డాలర్ల ప్రాంతంలో.

2020 తర్వాత చాలా జాతీయ సంఘాలు లెగసీని, అంటే అమ్మ సభ్యురాలైతే కూతురికి ఇచ్చే మొగ్గును, రద్దు చేశాయి. సమానత్వం కోసమన్నాయి. దక్షిణాదిలో కొన్ని ఇళ్లకు వచ్చే కూతుళ్లూ మనవరాళ్లే కోటాను మించిపోయారన్నది కూడా ఆ సమానత్వానికి కొంత సాయపడింది. అమ్మలు మాత్రం భగ్గుమన్నారు. తమకు దొరికినప్పుడు ప్రతిభగా ఉన్నది కూతురి దగ్గరికి వచ్చేసరికి అన్యాయమైపోయింది.

మనవాళ్లకు ఇందులో వాటా లేదనుకోకండి. ఈ ఇళ్ల తలుపుల దగ్గర తమకు చోటు కనబడని దక్షిణాసియా అమ్మాయిలు 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా పెట్టుకున్నారు. టెక్సస్‌లో తెలుగు ఇళ్లెన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పట్లో ఇరవై ఏళ్లున్నవాళ్ల కూతుళ్లు ఇప్పుడిప్పుడే కాలేజీ వయసుకొస్తున్నారు. “మనవాళ్లేనా?” అన్న ప్రశ్న మనకు గ్రీకు నేర్చుకోకముందే వచ్చు. వ్యవస్థాపకురాలి కూతురు సంచీలో బ్యాటరీ ఫ్యానుతో వరుసలో నిలబడ్డ రోజున, లోపలున్న పిల్లలు లెగసీని రద్దు చేస్తారో, చేసినట్టు ప్రకటన మాత్రం ఇస్తారో చూద్దాం.