బస్తీ పర్యావరణ అంచనాకు తలకిందుల సలహాలు

బస్తీని బాగుచేసే పథకానికి పర్యావరణ అంచనా రాయబోయేవాళ్లకు ఆఫీసులో ఒక వరస నేర్పుతారు. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. వినగానే తప్పుడు సలహాల్లా ఉంటాయి. విజయవాడ సింగ్‌నగర్‌నీ, కొండప్రాంతాలనీ కళ్లముందు పెట్టుకుని చదవండి.

మొదటిరోజు బస్తీలోకి వెళ్లొద్దు. అక్కడి నీరు చివరికి ఎక్కడికి పోతుందో అక్కడికి వెళ్లండి. సింగ్‌నగర్ వీధి కాలువ ఎంత వెడల్పుండాలో సింగ్‌నగర్‌లో నిలబడితే తేలదు. మైలవరం వైపు కొండల్లోంచి దిగే బుడమేరును వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. 2024లో ఆగస్టు చివరి వానలకు ఆ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. నీళ్లు తమ పాత దారి పట్టాయి. ఆ దారిలోనే ఇప్పుడు ఊరుంది. సెప్టెంబరు 1న సింగ్‌నగర్ మునిగింది. అదే వరదలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. నది అంత నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీళ్లు అందులోకి సరిగ్గా దిగవు. పాత బుడమేరు దారినే పోదామంటే కొల్లేరు దాకా పోవాలి, దారంతా పూడికా ఆక్రమణలూ. ఇంత కథ వెనక ఉంటే, వార్డు సరిహద్దు దగ్గర గీత గీసి "పథకం ప్రభావం ఇక్కడికే పరిమితం" అని రాయడం జనానికి చేసే అన్యాయం. మీ గీత నీటి వెంట పోవాలి, అది ఎన్ని మండలాలు దాటినా సరే.

ఎండ కాసేటప్పుడు సర్వే చేయొద్దు. ఒక్క సీజన్ లెక్కలు చాలనీ, అదీ వానాకాలం కానిది తీసుకోవచ్చనీ మన అంచనాలకు పాత అలవాటు. పొడి రోజున ప్రతి బస్తీ కాలువా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ఆగస్టులో గొడుగేసుకుని వెళ్లండి. కుళాయి వచ్చే వేళకు, చీకటితోనే వెళ్లండి. పైపు మురుగు కాలువలోంచి పోతోందా, మొదటి బిందె నీళ్లు వాసనేస్తే పారబోస్తున్నారా అన్నది అప్పుడే తెలుస్తుంది. వానాకాలం దాటిపోతే గోడలు చూడండి. సున్నం కిందనుంచి వరద మరక ఎక్కడిదాకా ఉబ్బి కనిపిస్తుందో టేపు పెట్టి కొలవండి. ఏ ఏడాది మరకో ఆ ఇంటి పెద్దావిడను అడగండి. ప్రయోగశాల ఇవ్వలేని లెక్క అది.

అందరూ అడిగే సిసి రోడ్డును ఆఖరికి నెట్టండి. ఈ మాటకు కార్పొరేటరూ ఒప్పుకోడు, బస్తీవాళ్లూ ఒప్పుకోరు. బురదలో పిల్లల్ని బడికి పంపినవాళ్లకు రోడ్డంటే ఎంత ఆశో నాకు తెలుసు. అయినా పట్టుబట్టి అడ్డం పడండి. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు. వేసినప్పుడల్లా వీధి లేస్తుంది, గడప దిగిపోతుంది. రెండు మూడు పథకాలు వచ్చి వెళ్లేసరికి ఇంట్లోకి మెట్టు దిగాల్సి వస్తుంది. తర్వాతి వానకు వీధి నీళ్లన్నీ వంటగదిలోకే. డబ్బున్నవాళ్లు మట్టి పోయించి గచ్చు ఎత్తు చేసుకుంటారు. పక్కింటి వితంతువు ఆ నీళ్లు కూడా భరించాలి. కాబట్టి ముందు ప్రతి ఇంటి గచ్చుకూ లెవెల్ తీయించండి. అన్నిటికన్నా పల్లంగా ఉన్న గచ్చుకంటే వీధి కిందనుండాలని నివేదికలో షరతు పెట్టండి. ముందు మురుగు కాలువ, ఆపైన నీళ్ల పైపు, ఆ తర్వాతే కాంక్రీటు.

కొండమీద ఇంకా చెడ్డ మాట చెప్పాలి: కాలువ కట్టేదాకా కుళాయిలు పెంచొద్దు. బిందెలు మోసి నడుములు పడిపోయిన ఆడవాళ్ల ముందు ఇది చెప్పడం కష్టమే. కానీ పైకి ఎక్కించిన ప్రతి బిందె నీళ్లూ వాడాక కిందకే రావాలి. దారి లేకపోతే మెట్ల పక్కన మట్టిలోకి ఇంకుతాయి. ఇళ్ల కోసం వాలును నిలువునా చెక్కినచోట ఆ తడి మట్టి పట్టు వదులుతుంది. పెద్ద వాన పడ్డరోజు బండ కదులుతుంది. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. కాలువా కుళాయీ ఒకే టెండరులో, ఒకే నెలలో పడేలా చూడండి. అప్పుడు ఆ తల్లులకు వద్దని చెప్పే పనే ఉండదు.

చట్టం అడగలేదని ఊరుకోవద్దు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం భవన నిర్మాణాలకు 20,000 చదరపు మీటర్ల నుంచే పర్యావరణ అనుమతి కావాలి. ఇరుకు సందుల పని ఆ గీత దగ్గరికే రాదు. వచ్చినా ఆ తరగతి నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నారు. కనుక ఎవరూ అడగకుండానే చేయండి. తెలుగులో రాసి, సాయంత్రం వీధిలో చదివి వినిపించండి.

బస్తీ కాలువల మ్యాపు మీరు గీయొద్దు. కరాచీలో అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన ఒరంగీ పైలట్ ప్రాజెక్టులో సందుల మురుగు పైపులు జనమే తమ డబ్బుతో వేసుకున్నారు. మ్యాపులు అక్కడి కుర్రాళ్లు గీశారు. ఏ మ్యాన్‌హోల్ ఎక్కడ పూడిందో వాళ్లకన్నా ఎవరికి తెలుసు?

తుక్కు దుకాణాన్ని "కాలుష్య కారకం" అని రాసేముందు దానిమీద ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో రాయండి. వైర్లు కాల్చడం ఆపించండి, దుకాణాన్ని మాత్రం ఉండనివ్వండి.

పథకం వల్ల వచ్చే దుమ్మూ చప్పుడూ గురించి పేజీలకు పేజీలు నింపొద్దు. అవి కొన్ని నెలలుంటాయి. పథకం రాకపోతే ఏమవుతుందో ఆ పేజీల్లో రాయండి: విరేచనాలు, డెంగీ, ఏటా తడిసిపోయే రేషన్ బియ్యం, పాడైపోయే పట్టా కాగితాలు.

చివరి పేజీ పూడికతీతకు ఉంచండి. వానలకు ముందు ఎవరు తీస్తారు, ఏ పద్దులోంచి డబ్బు వస్తుంది, తీసిన బురద ఎక్కడ పోస్తారు. గట్టుమీద కుప్పేసి వదిలేస్తే మొదటి వానకే తిరిగి కాలువలో పడుతుంది. ఈ మూడింటికీ జవాబు రాసిస్తేనే సంతకం పెట్టండి.